కొలెస్ట్రాల్ బిళ్ళ మానేయమంటున్న ఆ మెసేజ్ గురించి

మా మామయ్యకు స్టెంట్ వేసి రెండేళ్లయింది. మొన్న వాళ్లింటికి వెళ్తే మందుల డబ్బాలో అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటి) షీట్లు మూడు విప్పకుండానే కనిపించాయి. ఎందుకని అడిగితే ఫోన్ చేతిలో పెట్టారు. స్టాటిన్లు కండరాలను తినేస్తాయి, లివర్‌ను పాడుచేస్తాయి, షుగర్, మతిమరుపు తెస్తాయి, వెంటనే మానేసి వెల్లుల్లి కషాయం తాగండి అని అందులో ఉంది. ఇదే మెసేజ్ నాకూ మూడు గ్రూపుల్లో వచ్చింది.

"కండరాలను తినేస్తాయి." కొందరికి ఒళ్లు నొప్పులు వస్తాయి, నిజమే. కానీ నొప్పులన్నీ మందు వల్ల వచ్చేవి కావు. బ్రిటన్‌లో సైడ్ ఎఫెక్ట్స్ వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని ఒక పరీక్ష చేశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలో నాలుగు నెలలు అసలు మందు, నాలుగు నెలలు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ, మరో నాలుగు నెలలు ఏమీ లేదు. ఏ నెల మింగుతున్నది ఏ బిళ్ళో వాళ్లకు తెలియదు. ఇబ్బందులకు రోజూ 100కి మార్కులు వేసుకున్నారు. బిళ్ళ లేని నెలల్లో సగటు 8, ఉత్తుత్తి బిళ్ళకు 15.4, అసలు మందుకు 16.3. అంటే బాధ నిజమే, దానికి కారణం మాత్రం చాలావరకు బిళ్ళ మింగుతున్నామన్న భయమే. అది తెలిశాక సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు.

కండరం నిజంగానే దెబ్బతిని, ఆ ప్రభావం కిడ్నీల మీద పడే జబ్బు ఒకటుంది. చాలా అరుదు. విపరీతమైన నొప్పి, నీరసంతో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కొన్ని స్టాటిన్లతో కలిస్తే ఈ ముప్పు పెరుగుతుంది. కాబట్టి జ్వరానికి వెళ్లినా వాడుతున్న మందులన్నీ చెప్పండి.

"లివర్ పోతుంది." కొద్దిమందికి ఎంజైములు కాస్త పెరుగుతాయి, తీవ్రంగా దెబ్బతినడం బహు అరుదు. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో మాటిమాటికీ లివర్ పరీక్షలు అక్కర్లేదంది. మతిమరుపు గురించి అప్పుడే లేబుల్‌లో చేర్చింది. అరుదని, మందు ఆపితే పోతుందని కూడా చెప్పింది.

"షుగర్ వస్తుంది." ఇందులో నిజం ఉంది, దాచకూడదు. 91,140 మంది వివరాలు కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణ ప్రకారం 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒకరికి షుగర్ వస్తుంది. బోర్డర్‌లో ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఎక్కువ. వాళ్లు షుగర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అంతేగానీ స్టెంట్ వేసుకున్న మనిషి గుండెపోటును ఆపే మందు మానేయడం ఏం న్యాయం?

వెల్లుల్లి కూరలో వేసుకోండి, మంచిదే. స్టాటిన్ పెద్ద డోసు చెడు కొలెస్ట్రాల్‌ను దాదాపు సగానికి దించుతుంది. ఆ పని ఏ కషాయమూ చేయలేదు.

మామయ్యను నిదానంగా అడిగితే, "తొడలు లాగుతున్నాయిరా" అన్నారు. ఆ మాట డాక్టరుకు చెప్పారా అంటే లేదు. కండరం దెబ్బతిందేమో చూసే సీకే అనే రక్తపరీక్ష చేయించవచ్చు, డోసు తగ్గించవచ్చు, రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్‌కు మార్చవచ్చు, స్టాటిన్ కాని ఎజెటిమైబ్ అనే కొలెస్ట్రాల్ మందు కలపవచ్చు. ఇన్ని దారులున్నాయని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆ మూడు షీట్లూ వెంట తెమ్మని అత్తయ్యకు చెప్పాను.