మహారాజశ్రీ ఇంటిపేరు గారి సముఖమునకు

బరంపురం నుండి మీ వంశోద్ధారకుడు వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం మాత్రం తాసిల్దారు కచేరీలో అనుమానాస్పదంగా ఉన్నందువల్ల ఈ లేఖ వ్రాయవలసి వచ్చింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం ప్రాంతంలో చాలా భాగం అందులో కలిసినప్పుడు, బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ళం గడప దాటకుండానే రాష్ట్రం మారాము. స్థానభ్రంశం కలిగింది మీకు. పట్నాయక్, పాణిగ్రాహి, సాహు అంటూ వంశనామాన్ని పేరు చివర చూసే అలవాటున్న గుమాస్తాలు మిమ్మల్ని కూడా అక్కడే వెతికి, అక్కడ కనబడిన 'రావు'నో 'మూర్తి'నో మీరే అనుకుని రిజిస్టరులో ఎక్కించారు. అసలు మీరేమో ముందు ఒక ఇంగ్లీషు అక్షరమై, పక్కన చుక్క పెట్టుకుని, ద్వారపాలకుడిలా నిలబడిపోయారు. తత్ఫలితంగా మా తాతగారు మూర్తివంశం, నాన్నగారు రావువంశం, నేను బాబువంశం. ముగ్గురం ఒకే పెంకుటింట్లో పుట్టినా, మాకు ఒకరితో ఒకరికి చుట్టరికం ఉన్నట్టు సర్కారువారికి తోచడం లేదు. తాతగారి స్థలానికి వారసత్వ ధ్రువపత్రం అడిగితే, పట్టాలోని మూర్తిగారూ నాన్నగారి బడి సర్టిఫికెట్టులో తండ్రిగా ఉన్న మనిషీ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి రమ్మన్నారు. చేశాను. ఆ తరువాత నాన్నగారు నాన్నగారేనని మరొక కాగితం మీద ప్రమాణం చేశాను. తరతరాల కీర్తి అని పెళ్ళిపందిట్లో మీసం మెలివేసే మీరు, ఒక్క తరాన్ని కూడా సాక్ష్యం చెప్పి గట్టెక్కించలేకపోయారు.

రాష్ట్రపతికే తప్పని తిప్పలు మాకు తప్పుతాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 1894లో మా ఊళ్ళోనే పుట్టిన వరాహగిరి వెంకటగిరి గారు దేశానికంతటికీ వి.వి.గిరి అయ్యారు. వరాహగిరి అన్న మీ స్వరూపం మొదటి 'వి'లో ఒదిగిపోగా, ఆయన సొంత పేరులోని తోక వంశనామమై, లోక్‌సభకు వెళ్ళిన కుమారుడు శంకర్ గిరి దాకా దిగింది. పిల్లవాడి పేరు ముక్క మనవలకు ఇంటిపేరు కావడాన్ని వంశవృక్షం అంటారో, అంటుకట్టడం అంటారో మీరే సెలవివ్వాలి.

ఇక మీ లెక్కల సంగతి. మా పక్కింటి ఒడియా మాస్టారు మా చిన్నబ్బాయికి మేనమామ కూతురితో సంబంధం కుదిరిందని విని, "అదేమిటి బాబూ, ఆ పిల్ల చెల్లెలు కదా!" అని తెల్లబోయారు. కాదు మాస్టారూ, ఆ పిల్ల ఇంటిపేరు వేరు, గోత్రం వేరు అన్నాను. "వీడి అజా, ఆ పిల్ల జెజె ఒకడే కదా?" అన్నారాయన. అమ్మ తండ్రిని అజా అనీ నాన్న తండ్రిని జెజె అనీ విడిగా పిలుచుకునే జాతికి ఇటువంటి సందేహాలే వస్తాయి. ఇద్దరినీ తాత అని ఒకే పిలుపులో కలిపేసిన మనం మాత్రం, ఒక తాత సంతానంలో దాయాదులనే వెతుక్కుని, ఇంకొక తాత సంతానంలో వియ్యానికి వెతుక్కుంటాము. ముఖమెరుగని రాయగడ కుర్రవాడు మన గోత్రమే అనేసరికి వాడు అన్నయ్య. ఒళ్ళో పెరిగిన మరదలు పెళ్ళికూతురు. 1955 నాటి హిందూ వివాహ చట్టం తండ్రివైపు ఐదు తరాలు, తల్లివైపు మూడు తరాలు లెక్కించి సపిండులెవరో, అంటే పెళ్ళాడకూడని దగ్గరి బంధువులెవరో తేల్చింది, ఆచారమున్నచోట సడలింపు ఇచ్చింది, సగోత్రాన్ని మాత్రం నిషేధించలేదు. అంటే మీరు భయపడమన్న చోట చట్టం భయపడలేదు, చట్టం లెక్కపెట్టిన చోట మీకు లెక్కే లేదు. (మేనరికం మంచిదా చెడ్డదా అన్నది వైద్యులకు వదిలాను, ముహూర్తం ఎలాగూ పెట్టేశారు.)

ఏడు తరాలు అంటారు గానీ, తద్దినం నాడు పురోహితుడు అడిగేవి మూడు. తండ్రి, తాత, ముత్తాత. అక్కడితో మా నోరు ఆగుతుంది. ముత్తాత తండ్రి ఎవరంటే పెద్దలు దూలం వంక చూస్తారు. గోత్రం గుర్తుకు రానివారికి కాశ్యపస ఉండనే ఉంది. తాతమ్మల పేర్లు ఎలాగో చెబుతాము, అదీ మెట్టినింటి గోత్రంతో. మా తాతమ్మ పుట్టినింట మీ స్థానంలో ఎవరుండేవారో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఇచ్ఛాపురం అవతలి పిల్ల అన్నంత వరకు మా మేనత్తకు జ్ఞాపకం. వంశంలో సగం మంది అలా ఊరి పేర్లుగా మిగిలిపోతే, మిగిలిన సగానికి మీరు వంశం అని బోర్డు కట్టించుకున్నారు.

ఇప్పుడు మా మనవడిని బడిలో చేర్చాలి. పేరు చివర ఏం వ్రాయాలని గుమాస్తా అడుగుతున్నాడు. పెద్దకోడలు తన పుట్టింటి పేరు వ్రాద్దామంటోంది, పెద్దబ్బాయి నా పేరులోని బాబు చాలంటున్నాడు. నాకేమీ పాలుపోక మీరే స్వయంగా దయచేయవలసిందిగా కోరుతున్నాను. సోమవారం పదింటికి కచేరీ తెరుస్తారు. రెండు ఫొటోలు, ఆధార్ నకలు వెంట తెచ్చుకోండి. దరఖాస్తులో మొదట మీ పేరు, ఆ కిందనే మీ తండ్రిగారి పేరు అడుగుతారు.

ఇట్లు,
మీ విధేయుడు,
బాబు (పాఠాంతరం: రావు)