రీకాల్ చేశారుగా, ఇంకా గోల దేనికి అట!

"రీకాల్ చేయడం కంపెనీ నిజాయితీకి నిదర్శనం" అట. రీకాల్ అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం. లగ్జరీ ఎస్‌యూవీల భద్రత గురించి ఎవరు నోరెత్తినా, వెంటనే ఒక పెద్దమనిషి వచ్చి ఈ ముత్యం రాల్చి పోతాడు. ఇందాక మళ్ళీ రాల్చాడు. పైగా కింద వంద లైకులు.

నిజాయితీ ఏమిటండీ బాబూ? అమెరికా చట్టం ప్రకారం, భద్రతకు సంబంధించిన లోపం ఉందని కంపెనీ తేల్చుకున్నాక 5 పనిదినాల్లోగా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి, అంటే అక్కడి రోడ్డు భద్రతా సంస్థకి, చెప్పి తీరాలి. ఆ తర్వాత 60 రోజుల్లోగా ఓనర్లకు ఉత్తరాలు వెళ్ళాలి. రిపేరు ఉచితంగా చేయాలి. చెప్పకుండా దాచితే జరిమానా. కరెంటు బిల్లు గడువులోగా కట్టినవాడికి శాలువా కప్పుతామా? అసలు కిటుకంతా ఆ "తేల్చుకున్నాక" దగ్గరే ఉంది. వారంటీ క్లెయిములు గుట్టలు పడుతున్నా, డీలర్ల దగ్గర అదే పార్టు పదే పదే ఆర్డరు అవుతున్నా, "ఇంకా పరిశీలిస్తున్నాం" అన్నంతకాలం ఆ 5 రోజుల గడియారం మొదలే కాలేదని వాదించుకోవచ్చు.

సరే, చేశారే అనుకుందాం. రీకాల్ పేరుతో బండిలో ఏం మార్చారో ఎప్పుడైనా చదివారా? ఆ కాగితాలు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో అందరికీ కనిపిస్తాయి. చదివితే ఈ నిజాయితీ కబుర్లు గొంతు దిగవు.

క్యాడిలాక్ ఎస్కలేడ్ తీసుకోండి. లక్ష డాలర్ల దరిదాపు బండి. 2021 నుంచి 2024 మోడళ్ళలో వచ్చే 6.2 లీటర్ల, 8 సిలిండర్ల (వీ8) ఇంజన్ సంగతి ఇది, దాని కోడ్ పేరు ఎల్87. 2025 జనవరిలో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దర్యాప్తు తెరిచింది, ఏప్రిల్‌లో క్యాడిలాక్‌ని తయారుచేసే జనరల్ మోటార్స్ రీకాల్ ప్రకటించింది. అదే ఇంజన్ ఉన్న యూకాన్, టాహో, సబర్బన్, సియెర్రా, సిల్వరాడోలతో కలిపి ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లు. దర్యాప్తు ముందు, నిజాయితీ వెనక. వరస గమనించండి.

లోపం ఏమిటో కంపెనీయే రాసిచ్చింది. ఇంజన్‌లో పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్, పిస్టన్లని దానికి కలిపేవి కనెక్టింగ్ రాడ్లు. కొన్ని క్రాంక్‌షాఫ్టుల కొలతలు, పైభాగం నునుపు ఉండాల్సినట్టు లేవు. కనెక్టింగ్ రాడ్లలో, క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ దారుల్లో తయారీ అప్పటి మడ్డి మిగిలిపోయింది. రాడ్ బేరింగుకీ క్రాంకుకీ మధ్య వెంట్రుక కంటే పలచని ఆయిల్ పొర ఉంటుంది, బరువంతా మోసేది అదే. ఆ పొరలోకి మడ్డి నలక వచ్చిందంటే బేరింగు లోహం గీసుకుపోతుంది, వేడెక్కుతుంది, చివరికి ఇంజన్ సీజ్ అవుతుంది, అంటే బిగుసుకుపోతుంది. లేదా రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. ఇది ఇంటి ముందు జరగదు, హైవే మీద జరుగుతుంది.

దీనికి వైద్యం? డీలరు ఇంజన్‌ను పరీక్షిస్తాడు. అందులో ఫెయిలైతే ఇంజన్ రిపేరు చేస్తారు లేదా మారుస్తారు. బాగుంది. పాసైతే పలచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసేసి చిక్కటి 0డబ్ల్యూ-40 పోస్తారు, ఫిల్టరు మారుస్తారు, కొత్త నంబరున్న ఆయిల్ మూత పెడతారు, ఓనరు పుస్తకంలో ఒక కాగితం దూరుస్తారు. శుభం. మూత మారింది, పండగ చేసుకోండి.

చిక్కటి ఆయిల్ వల్ల ఉపయోగం లేదని అనను. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య ఉంటుంది, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 మధ్య. పొర మందమవుతుంది, క్రాంకు మీది గరుకు బేరింగుకి తగలడం తగ్గుతుంది. కానీ ఆయిల్ చిక్కబడితే క్రాంకు కొలత మారదు. ఆయిల్ దారిలో అంటుకున్న మడ్డి ఎటూ పోదు. చేతిలో ఉన్న ఇంజన్ త్వరగా అరగాల్సింది మెల్లిగా అరుగుతుంది, అంతే. పైగా పాసైన ఇంజన్లకి పదేళ్ళు లేదా 1,50,000 మైళ్ళ ప్రత్యేక కవరేజీ కూడా ఇచ్చారు. అంత ధీమా ఉంటే అంత వారంటీ దేనికో! అది ఇంజన్ ఖరీదు భరిస్తుంది గానీ, గంటకు 70 మైళ్ళ వేగంలో మూడో లేనులో బండి ఆగిపోకుండా ఆపదు కదా.

ఈ ఇంజన్ ఉన్నవాళ్ళు "పాస్" అన్న ముద్ర చూసి నిద్రపోకండి. తర్వాతి ఆయిల్ మార్పిడప్పుడు పాత ఫిల్టరు అడిగి తీసుకోండి. దాన్ని హ్యాక్సా బ్లేడుతో కోస్తే రంపపు పొట్టే లోపల పడి మిమ్మల్ని భయపెడుతుంది, ఫిల్టర్ కటర్‌తోనే కోయాలి. లోపలి కాగితం మడతలు విప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటకుండా తళతళలాడే రేకులు కనిపిస్తే బేరింగు లోహం అయ్యే అవకాశం ఎక్కువ. ఆయిల్ ల్యాబుకి పంపాలంటే ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు, ధార మొదట్లోనూ చివర్లోనూ కాకుండా మధ్యలో పట్టాలి. అడుగున పేరుకున్నది పడితే రిపోర్టు మొత్తం అబద్ధమే. రాగి, సీసం, తగరం, అల్యూమినియం, ఇనుము అంకెలు చూడండి. ఒక్క రిపోర్టు ఏమీ చెప్పదు, వరసగా రెండు మూడింటిలో పెరుగుతూ పోతే అప్పుడు మాట్లాడాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కింద నుంచి టకటకమని దెబ్బ వినిపించినా, ఆయిల్ ప్రెజర్ పడిపోయినా, ఇల్లు చేరాక చూద్దామనుకోవద్దు. ఇంజన్ ఆపి, టో చేయించండి.

ఇక మెర్సిడెస్. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 లక్షల బండ్లు వెనక్కి పిలిచింది. 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్ ఎస్‌యూవీలు, ఆర్ క్లాస్‌లు. బ్రేకు పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ డబ్బా మీద ఒక రబ్బరు తొడుగు. దాని కింద తేమ చేరి డబ్బా తుప్పు పట్టింది. చిల్లు పడితే వ్యాక్యూమ్ లీకు, పెడల్ గట్టిబడుతుంది, నొక్కినప్పుడు బుస్సుమని చప్పుడు. తుప్పు మరీ ముదిరితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బూస్టరే దెబ్బతిని, పెడల్‌కీ బ్రేకులకీ సంబంధం తెగిపోవచ్చు. పరీక్ష అయ్యేదాకా నడపొద్దన్నారు. మంచిదే. కానీ 2004 బండికి 2022లో చెప్పడం! ఇన్నేళ్ళూ ఆ తొడుగు పీకి ఎవరైనా కింద చూశారా? సర్వీసుకెళ్తే వైపర్ బ్లేడ్లు మార్చమని మాత్రం ఠంచనుగా చెబుతారు.

రేంజ్ రోవర్‌ది ఇంకో ముచ్చట. ముందు సస్పెన్షన్‌లో అల్యూమినియం నకుల్‌కి (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే భాగానికి) పగుళ్ళు వస్తాయి, అది విరిగితే పై కంట్రోల్ ఆర్మ్ ఊడి స్టీరింగ్ చేతిలో ఉండదు. 2013-17 నాటి బండ్లను 2025లో రీకాల్ చేశారు, అమెరికాలో 1,21,000కి పైనే. పగులు లేకపోతే స్టీలు బ్రాకెట్ బిగిస్తారు. పగిలే పార్టు అక్కడే, దానికో కట్టు.

సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ బాధ ఉండదులే అనేవాళ్ళకి వోల్వో కథ చెప్పాలి. 2025లోనే ఎక్స్‌సీ90, ఎక్స్‌సీ60 ప్లగిన్ హైబ్రిడ్లలో ఒక అప్‌డేట్ వచ్చింది. అది పడిన బండి 'బీ' మోడ్‌లో (పల్లంలో మోటారే బండి వేగాన్ని తగ్గించే మోడ్) కనీసం 1 నిమిషం 40 సెకన్లు బ్రేకు ముట్టకుండా పల్లంలో దిగితే, ఆ తర్వాత బ్రేకు పనిచేయకపోవచ్చు! కొండదారిలో 'బీ' మోడ్ ఉన్నదే అందుకు కదా. దానికి మందు మరో అప్‌డేట్.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్త. అమెరికాలో రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త బండి డీలరు డెలివరీ ఇవ్వకూడదు. 35 లేదా అంతకు మించి బండ్లున్న రెంటల్ కంపెనీ అలాంటివి అద్దెకివ్వకూడదు. అదే పాత బండిని డీలరు నిక్షేపంగా అమ్ముకోవచ్చు, ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. ఉచిత రిపేరు గ్యారంటీ కూడా మొదటి అమ్మకం నుంచి 15 ఏళ్ళే. ఉత్తరం పాత ఓనరు చిరునామాకే పోయి ఉండొచ్చు. 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి చూడండి, ఇవాళ ఏమీ లేదన్నా కొన్ని నెలలకి మళ్ళీ కొట్టండి. రీకాల్‌కి ముందే మీ డబ్బుతో అదే రిపేరు చేయించుకుని ఉంటే బిల్లు పారేయకండి, తిరిగి అడగొచ్చు. ఫిర్యాదు పెట్టేటప్పుడు "చెత్త బండి" అని రాస్తే లాభం లేదు. వేగం ఎంత, మైలేజీ ఎంత, ఏ లైటు వెలిగింది, పవర్ పోయిందా బ్రేకు పోయిందా, ఇవి రాయండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ గేరు లివర్ ఒక ఎత్తు. నాకు అసలు కడుపుమంట అక్కడే, చాలా ఏళ్ళ నుంచి. పి, ఆర్, ఎన్, డి (పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్) అని గాడిలో కదిలే లివర్‌కి ఏం రోగమొచ్చింది? ఎవరైనా ఫిర్యాదు చేశారా? "ప్రీమియం ఫీల్" కోసమని 2014, 2015 జీప్ గ్రాండ్ చెరొకీలో ఎటు తోసినా మళ్ళీ మధ్యకే వచ్చే లివర్ పెట్టారు. పార్కులో పడిందో లేదో చేతికి తెలియదు. పార్కులో ఉందనుకుని దిగితే బండి దొర్లుతుంది. తాకినప్పుడు, చూసినప్పుడు సరిగా తెలియదని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏయే రాసింది. 2016 ఏప్రిల్‌లో ఇదే లివరున్న మరికొన్ని మోడళ్ళతో కలిపి 11 లక్షల బండ్ల రీకాల్. జూన్‌లో నటుడు ఆంటన్ యెల్చిన్ తన ఇంటి ముందు వాలులో తన సొంత గ్రాండ్ చెరొకీ దొర్లి మీదికొచ్చి చనిపోయాడు. 27 ఏళ్ళు. రీకాల్ ప్రకటించి అప్పటికి రెండు నెలలు. చేశారుగా రీకాల్, నిజాయితీగా!

అంత జరిగాక బుద్ధొచ్చిందా? 2021 తర్వాత వచ్చిన టెస్లా మోడల్ ఎక్స్‌లో గేరు టచ్ స్క్రీన్ మీద వేలితో జరపాలి. మిగతావాళ్ళు గుండ్రటి నాబులు, బటన్లు. కాబట్టి ఈ కొత్త రకం గేరున్న బండి ఏదైనా సరే, బ్రేకు మీద కాలుంచి ముందు పార్కింగ్ బ్రేకు వేయండి, తర్వాత పార్క్ నొక్కండి, మీటర్ల దగ్గర 'పి' వెలిగిందో లేదో కళ్ళతో చూడండి, కాలు మెల్లిగా తీసి బండి కదలట్లేదని చూసుకుని అప్పుడు తలుపు తీయండి. లక్ష డాలర్లు పోసి కొన్నాక ఈ కాపలా కూడా మనమే కాయాలి మరి.