పందైతే ఒక రేటు

విశాఖపట్నంలో యానిమే, అంటే జపాను కార్టూన్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు ఓ బెంగ ఉంది. తాము వేసే ఆ పాత్రల వేషం ఇక్కడ ఎవరికీ అర్థం కాదని, రోడ్డెక్కితే జనం వింతగా చూస్తారని. ఒట్టి అపోహ. జాతరలూ పులివేషాలూ చూస్తూ పెరిగిన ఉత్తరాంధ్ర జనానికి వేషం కొత్తా? ఎవరు ఏ రంగు పూసుకుని ఎదురొచ్చినా మనవాళ్లు క్షణంలో పోల్చేస్తారు. పోల్చేసి ఓ నమస్కారం పెడతారు, ఓ పది చేతిలో పెడతారు. మా మేనల్లుడి కష్టం ఎవరూ పోల్చుకోలేదని కాదు. సిటీ బస్సు బస్సంతా పోల్చేసుకుంది.

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ సినిమా మన దగ్గర విడుదలైంది, తెలుగు డబ్బింగుతో సహా. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: వందేళ్ల కిందటి జపాను, మనుషుల్ని తినే రాక్షసులు, వాళ్ల తలలు నరకడానికి కత్తి పట్టిన కుర్రాళ్లు. అసలు కథ 2016 నుంచి 2020 దాకా అక్కడి వారపత్రికలో మాంగాగా, అంటే బొమ్మల కథగా వచ్చి 23 సంపుటాలయింది. ఆ 23 సంపుటాలూ మావాడు చదివాడు. కెమిస్ట్రీ పుస్తకం ఒక్కటే కదరా, అది చదవలేవా అని మా అక్క గోల.

కథానాయకుడు తంజిరో. ఆకుపచ్చా నలుపూ గళ్ల కోటు, చెవులకు పోగులు. సినిమాకు వేషం కట్టుకుని వెళ్లాలంటే ఎవడైనా ఆ వేషమే వేస్తాడు, తేలిక కాబట్టి. మావాడు తేలిక పనులు చెయ్యడు. వాడికి ఇనోస్కే కావాలి. అడవిపందులు పెంచిన పిల్లాడు ఈ ఇనోస్కే. తనను పెంచిన పంది తలనే ముసుగుగా తగిలించుకుని తిరుగుతాడు. చొక్కా వేసుకోడు. రెండు చేతుల్లో రెండు కత్తులు, వాటి అంచులు రంపం పళ్లలా ఉండాలని తనే రాయితో కొట్టి చెడగొట్టుకుంటాడు. ఎవరి పేరూ సరిగ్గా పలకడు. ముసుగు తీస్తే మాత్రం ఆడపిల్ల ముఖం, అంత నాజూకు. మావాడు పోలికలన్నీ సరిపోయాయన్నాడు. నాజూకు సంగతి నేను కదిలించలేదు.

వినాయకచవితి అయ్యి రెండు వారాలైంది కాబట్టి బొమ్మలు చేసేవాళ్లు తీరిగ్గా ఉన్నారు. పాతనగరంలో పులివేషాలకు తలలు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే మాట.

“పంది తలా బావూ, వరాహం తలా?”

“తేడా ఏంటండీ?”

“పందైతే ఒక రేటు, వరాహమైతే ఒక రేటు. వరాహానికి కిరీటముంటాది, నామముంటాది. కోరల మీద భూదేవిని కూకోబెట్టమంటే అదింకో రేటు.”

మావాడు ఫోనులో బొమ్మ చూపించాడు. ఆయన కళ్లజోడు పైకి జరిపి చూశాడు. “ఓస్, ఇది పందే. మొకం మరీ అంత కోపంగా ఉందేటి? కాస్త శాంతం పెట్టీమంటావా?”

“వద్దండీ. కోపమే కావాలి.”

సినిమాకు ముందురోజు సాయంత్రం తల తయారైంది. బాగుంది, నిజంగా బాగుంది. కోరలు మెరుస్తున్నాయి, చెవులు నిలబడ్డాయి. నుదుటి మీద మాత్రం తెలుపూ ఎరుపూ కలిపి నిలువునా నామం. మావాడు ఏడుపు ముఖం పెడితే ఆయన నొచ్చుకున్నాడు. “సెయ్యి ఊరుకోనేదు బావూ. నుదురు బోసిగా అవుపడింది.” ఆ రాత్రి గరుకు కాగితం పెట్టి పదకొండు దాకా రుద్దాడు మావాడు. తెలుపు పోయింది. ఎరుపు ఇంకిపోయింది.

పొద్దున్న బయల్దేరబోతుంటే మా అక్క గుమ్మంలో అడ్డం పడింది. చొక్కా లేకుండా బజార్లోకి వెళితే దిష్టి తగులుతుందట. వాదించే టైము లేదు. పసుపురంగు కండువా ఒకటి తెచ్చి వాడి భుజాల మీద కప్పి, ముడి కూడా తనే వేసింది. కండువా, ఎర్రనామం, కోరలు. ఇక ఇనోస్కే ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

స్కూటర్ మీద పోదామనుకున్నాం. ఈ ఊళ్లో వెనక కూర్చున్నవాడికీ హెల్మెట్ ఉండాల్సిందే. పంది తల మీద హెల్మెట్ పట్టదు, హెల్మెట్ మీద పంది తల దిగదు. తల ఒళ్లో పెట్టుకోరా అంటే కోరలు విరిగిపోతాయన్నాడు. ఆటో అతను మమ్మల్ని ఎగాదిగా చూసి చెప్పిన రేటులో వేషం ఛార్జీ కూడా కలిసినట్టే ఉంది. మిగిలింది బస్సు.

మేం ఎక్కింది గోపాలపట్నంలో. ఆ బస్సు వస్తున్నది సింహాచలం నుంచి.

సింహాచలంలో కొండ మీదున్నది వరాహలక్ష్మీనరసింహస్వామి, అదే మన అప్పన్న, అని విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బస్సు నిండా కొండ దిగి వస్తున్నవాళ్లే. కొత్తగా కొట్టించుకున్న గుండ్లు, వాటి మీద గంధం, సంచుల్లో పులిహోర పొట్లాలు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ అమ్మలవీ అత్తలవీ. మగవాళ్లం కడ్డీలు పట్టుకుని వేలాడే జాతి. అలాంటి బస్సులోకి మెట్ల మీంచి ముందు రెండు కోరలు వచ్చాయి, తరవాత నామం వచ్చింది, తరవాత కండువా వచ్చింది.

ఓ క్షణం ఎవరూ మాట్లాడలేదు. తరవాత మూడో సీట్లోంచి ఓ ముసలమ్మ లేచి నిలబడింది.

“ఓలమ్మో! అప్పన్న బాబు!”

రద్దీ బస్సులో ఒకరు లేచి సీటివ్వడం నేను చూసిన అద్భుతం. ఇద్దరు లేచారు. మావాడు లోపల్నుంచి ఏదో అన్నాడు. ఆ తలకు కళ్లు సరైన చోట లేవు, ముక్కు రంధ్రాల్లోంచే చూడాలి. నోటి దగ్గర మైదా జిగురూ పాత పేపరూ పొరలు పొరలుగా ఉన్నాయి, ఎవరిదో సంతాప ప్రకటన సగం చదవొచ్చు. అందులోంచి వచ్చే మాట బయటికి వచ్చేసరికి గురగుర.

“నేను ఇనోస్కేనండీ” అన్నాడు.

“ఏటంటన్నాడు?” అంది పక్కావిడ.

“మంత్రమే, తల్లీ. మనకేటి తెలుస్తాది” అంది ముసలమ్మ, కొంగు ముడి విప్పి పది రూపాయల కాగితం తీస్తూ.

ఆ పది పుచ్చుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, రెండు చేతుల్లో థర్మాకోల్ కత్తులు. ఆవిడే కండువా మడతలో దోపింది. అది చూసి ఇంకొకావిడ దోపింది. ఓ తల్లి చంటిదాన్ని తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టింది, దీవించమని. చంటిది పైకి చూసింది, అంతే, ఆరున్నొక్క రాగం. కండక్టరు నా టికెట్టు కొట్టి, వాడి దగ్గర కాస్త తటపటాయించి, “ఈయనక్కూడా ఒకటా సార్?” అన్నాడు. నరసింహుడని ఒకరు, వరాహమని ఒకరు, అప్పన్నని ఒకరు. ఇనోస్కే ఎవరి పేరూ సరిగ్గా పలకడని చెప్పానుగా. ఆ బాకీ మా బస్సులో చెల్లిపోయింది.

కంచరపాలెం దగ్గర గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. ఎడమ కోర కిటికీ కడ్డీకి తగిలి పుటుక్కున విరిగింది. బస్సంతా హా అంది. ముసలమ్మ వంగి ఆ ముక్క ఏరి, కళ్లకద్దుకుని, కొంగున కట్టేసుకుంది. తిరిగివ్వమని అడిగే ధైర్యం నాకూ లేదు, ఇనోస్కేకీ లేదు.

ఒంటి కోరతో జగదాంబ సెంటర్లో దిగాం. దిగీ దిగగానే ఓ ఆటో డ్రైవరు కేకేశాడు. “సవితి అయిపోనాది కదేటి! ఇంకా కలపలేదా? బీచ్‌కైతే వందియ్యండి.”

ఒక్క పన్ను విరిగితే దేవుడు మారిపోతాడని మావాడు అప్పుడే తెలుసుకున్నాడు.

హాలు దగ్గర కత్తులు ఆపేశారు, థర్మాకోల్ అయినా కత్తి కత్తేనట. కానీ లోపల మనవాళ్లున్నారు. పూర్ణామార్కెట్ లుంగీ గుడ్డతో కోటు కుట్టించుకున్న తంజిరోలు అరడజను. నోట్లో వెదురు పెట్టుకునే నెజుకో వేషంలో ఓ అమ్మాయి వెదురు దొరక్క చెరకు ముక్క పెట్టుకుంది. ఇంటర్వెల్ అయ్యేసరికి పిప్పి మిగిలింది. లుంగీ తంజిరో ఒకడు మావాణ్ని చూసి, “బ్రో! ఇనోస్కే!” అని అరిచాడు. పొద్దుట్నుంచి ఆ మాట కోసమే కదా పాపం. పంది తల గబుక్కున వాడి భుజం మీద వాలిపోయింది.

“ఇంకో కోరేది బ్రో?”

“సింహాచలం భక్తురాలి కొంగులో ఉంది” అన్నాను నేను. అతనికి అర్థం కాలేదు.

సినిమా రెండున్నర గంటలు దాటింది. నాకు నచ్చింది, దాపరికమేముంది. మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ హీరో సొత్తు. ఇందులో అకజా అనే రాక్షసుడికి, అదీ కొట్లాట మధ్యలో, అంత పెద్ద గతం పెట్టారు. ఇందాక నరికెయ్యమని ఈలలు వేసిన కుర్రాళ్లే ముక్కు తుడుచుకున్నారు. తంజిరో ఉన్నాడు, అతని స్నేహితుడు జెనిత్సు ఉన్నాడు. ఇనోస్కే మాత్రం అలా మెరిసి ఇలా మాయమయ్యాడు. కనిపించిన ఆ కాస్తలో కూడా మావాడికి ముక్కు రంధ్రాలు తెర వైపు సర్దుకునే టైము చాలలేదు. తల తియ్యమని వెనకసీటు వాళ్లు మొదటిసారి మర్యాదగా చెప్పారు, రెండోసారి విశాఖ భాషలో చెప్పారు. అప్పుడు తీశాడు. చెవుల దాకా మైదా జిగురు.

బస్సులో వచ్చిన దక్షిణ లెక్కపెడితే పాప్‌కార్న్‌కు సరిపోలేదు. చిన్న డబ్బాక్కూడా.

ఇంకో రెండు భాగాలున్నాయి ఈ కథకి. ఇంటికి రాగానే మావాడు వంటింటి గుమ్మంలో నిలబడి రెండో భాగం ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఈసారి ముసుగుల జోలికి పోడట. జెనిత్సు వేస్తాడట. పసుపు జుట్టు, పసుపు కోటు, ఎప్పుడూ భయమే, మామూలుగా నిద్రలోకి జారుకున్నాకే కత్తి అద్భుతంగా తిప్పుతాడు.

“అమ్మా, నీ పసుపు పట్టుచీర ఓసారి ఇస్తావా?”

మా అక్క పోపు గరిటె ఆపి అంతా సావధానంగా వింది.

“చీర ఇవ్వను. అయినా నిద్రపోయేవాడికి నీకు వేషమెందుకురా?”