"ఏం పౌడర్ వాడావురా?" అని అడిగే ముందు

గ్రౌండ్‌లోనో జిమ్‌లోనో ఒక కుర్రాడు కుప్పకూలితే చాలు, మర్నాటి వార్తలో ఒక వాక్యం తప్పక ఉంటుంది: సప్లిమెంట్లు, స్టెరాయిడ్లు వాడి ఉంటాడని అనుమానిస్తున్నారు. అనుమానించింది ఎవరో ఉండదు. అది వాట్సాప్‌కి చేరేసరికి అనుమానం కాస్తా నిజమైపోతుంది. ఈమధ్య నాకు మూడు నాలుగు గ్రూపుల నుంచి వచ్చిన పోస్టులో ఉన్నది ఇదీ: 'వ్యాయామంతో ఎవరూ ఆసుపత్రి పాలు కారు. పౌడర్లు, ఇంజెక్షన్లే కారణం. ఒకే జట్టులో పదిమంది పడిపోయారంటే పదిమందీ ఒకే డబ్బా వాడినట్టే. క్రియాటిన్ పొడి కండను కరిగిస్తుంది, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. మా రోజుల్లో ఇంతకు రెట్టింపు చేశాం, ఎవరికీ ఏమీ కాలేదు.'

నేను పీఈటీని. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలతో గ్రౌండ్‌లోనే ఉన్నాను. ఈ పోస్టు పిల్లలకు చేసే చెడు నాకు తెలుసు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెబుతాను.

ముందుగా, 'వ్యాయామంతో ఎవరూ ఆసుపత్రి పాలు కారు' అన్న మాట. 2024 సెప్టెంబర్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా రంపచోడవరంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. గురుకుల జూనియర్ కళాశాలలో ఆడపిల్లల చేత శిక్షగా రోజుకు వంద, రెండు వందల గుంజీలు, వరసగా కొన్ని రోజులు తీయించారు. దాదాపు యాభై మంది కాళ్లు కదపలేక, నడవలేక ఆసుపత్రిలో చేరారు. హాస్టల్ అన్నం తినే గిరిజన పిల్లలు వాళ్లు. వాళ్ల పెట్టెల్లో ప్రోటీన్ డబ్బాలు ఉన్నాయని ఎవరూ అనలేదు. ఎందుకంటే అక్కడ గుంజీల లెక్క అందరి కళ్లకూ కనబడింది. అదే లెక్క ఒక జట్టులో, ఒక అకాడమీలో జరిగితే దానికి 'ట్రైనింగ్' అని పేరు పెడతాం, కారణం కోసం డబ్బాలు వెతుకుతాం.

అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా, అదే పనిగా వాడితే కండర కణాల పొరలు చిరుగుతాయి. లోపల ఉండాల్సిన మయోగ్లోబిన్ అనే కండర ప్రోటీన్, పొటాషియం రక్తంలోకి వచ్చి పడతాయి. మయోగ్లోబిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారుతుంది. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. దీని పేరు రాబ్డోమయోలిసిస్. ఆటగాళ్ల మధ్య రాబ్డో అనే వాడుక. ఇది రావడానికి ఏ పౌడరూ అక్కర్లేదు.

నాకు ఇది పుస్తకంలో చదవక ముందే ఎదురైంది. దసరా సెలవుల తర్వాత మొదటి రోజు, ఆలస్యంగా వచ్చిన కబడ్డీ పిల్లలతో రెండు వందల గుంజీలు తీయించాను. రెండో రోజు ఇంటర్ ఫస్టియర్ కుర్రాడొకడు రాలేదు. మూడో రోజు వాళ్ల నాన్న ఫోన్ చేశాడు: "సార్, బాబు మెట్లు దిగలేకపోతున్నాడు, మూత్రం నల్లగా వస్తోంది." ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడి నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఏం పౌడర్ వాడావురా?" వాడు భయపడుతూ, "ఏమీ వాడలేదు సార్, మీరు చెప్పినవే చేశాను" అన్నాడు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు, వాడు బాగయ్యాడు. ఆ ప్రశ్న అడిగినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. నా తప్పును మంచం మీద ఉన్న పిల్లాడి నెత్తిన వేయబోయాను.

ఇక రెండో మాట: పదిమంది ఒకేసారి పడితే పదిమందీ ఒకే డబ్బా వాడినట్టే. పదిమందికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో వెతకాలన్నంత వరకు సరే. కానీ ఆ ఉమ్మడి విషయం కళ్లెదుటే ఉంటుంది: ఆ రోజు అందరూ చేసిన వ్యాయామం.

2010 ఆగస్టులో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం, మెక్‌మిన్‌విల్ అనే ఊళ్లో హైస్కూల్ ఫుట్‌బాల్ శిక్షణ శిబిరం జరిగింది. కొత్త కోచ్, మొదటి సీజన్. కుస్తీ గదిలో కుర్చీ మీద చేతులు ఆన్చి కిందికీ పైకీ లేచే డిప్స్, వాటి వెంటే పుషప్‌లు, మళ్లీ డిప్స్, మళ్లీ పుషప్‌లు. రెండూ మోచేతి పైన వెనక ఉండే ట్రైసెప్స్ మీదే భారం వేసేవి. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలకు చేతులు వాచాయి. ముగ్గురికి కండరం చుట్టూ ఉన్న పొరలో ఒత్తిడి పెరిగి రక్తం ఆడక, పొర కోసి ఒత్తిడి తీసే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తొలి రోజుల వార్తల నిండా క్రియాటిన్ అనుమానమే. ఆ రాష్ట్ర ప్రజారోగ్య శాఖ వాళ్లు వచ్చి పిల్లలతో ఒక్కొక్కరితో మాట్లాడి, వాళ్లు ఏం చేశారో, ఏం తిన్నారో రాసుకున్నాక తేలింది ఆ ట్రైసెప్స్ వ్యాయామమే. దెబ్బ తగిలిన చోటు చూసినా తెలుస్తుంది. కడుపులోకి వెళ్లిన పొడి ఒంటినిండా తిరుగుతుంది. అందరికీ ఒకే కండరాన్ని ఎంచుకుని వాచేలా చేయదు.

ఐదు నెలలకే, 2011 జనవరిలో, అయోవా విశ్వవిద్యాలయంలో ఇంకా పెద్దది జరిగింది. డిసెంబర్ 28న సీజన్ చివరి మ్యాచ్ ఆడిన ఫుట్‌బాల్ జట్టు, మూడు వారాల విశ్రాంతి తర్వాత జనవరి 20న శిక్షణ మొదలుపెట్టింది. ఒక్కొక్కరు తాము ఒకసారి ఎత్తగల గరిష్ఠ బరువులో సగం భుజాన వేసుకుని వంద స్క్వాట్లు చేయాలి, గడియారం పెట్టి. రెండు వందల కిలోలు ఒకసారి ఎత్తగలిగినవాడు వంద కిలోలతో వంద సార్లు కూర్చుని లేవాలన్నమాట. ఆ తర్వాత బరువు బండి తోయడం. వారం తిరగకముందే పదమూడు మంది రాబ్డోతో ఆసుపత్రిలో ఉన్నారు. మళ్లీ అవే ఊహలు: ఏదో వాడి ఉంటారు. విశ్వవిద్యాలయం వేసిన కమిటీ మార్చిలో నివేదిక ఇచ్చింది. మందులూ కాదు, సప్లిమెంట్లూ కాదు, కారణం ఆ వ్యాయామమే అంది. అలాంటి వ్యాయామం మళ్లీ చేయించొద్దని సిఫార్సు చేసింది.

ఆ జట్టును పరిశీలించిన వైద్యులు తర్వాత ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో ఒక విషయం ఈ పోస్టు రాసినవాళ్లు తప్పక చదవాలి. వంద స్క్వాట్లు పూర్తి చేయడానికి ఎక్కువ విడతలు పట్టినవాళ్లకు, కండరం ఇక లేవదన్నంత వరకు వెళ్లినవాళ్లకు రాబ్డో ఎక్కువ వచ్చింది. వ్యాయామం తర్వాత ప్రోటీన్ షేక్ తాగినవాళ్లకు తక్కువ వచ్చింది! షేక్ కాపాడిందని నేను అనను, ఒక్క జట్టు లెక్కతో అంత మాట అనకూడదు. కానీ షేక్ ముంచిందని మాత్రం ఎలా అంటాం?

రక్తపరీక్షలో క్రియాటిన్ బయటపడుతుందన్న మాటకు మూలం పేర్ల గందరగోళం. మూడు పేర్లున్నాయి, మూడూ వేరు. క్రియాటిన్ మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం, మాంసం, చేపల్లో ఉంటుంది, డబ్బాల్లో పొడిగానూ అమ్ముతారు. క్రియాటినిన్ అంటే అది వాడుకైపోయాక మిగిలే వ్యర్థం. షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో ఈ పరీక్ష గురించి తెలుసు, కిడ్నీ ఎలా ఉందో చూడడానికి చేస్తారు. క్రియాటిన్ కైనేజ్, డాక్టర్లు సీకే అనేది, కండరంలో ఉండే ఎంజైమ్. కండరం చిరిగితే ఇది రక్తంలోకి వస్తుంది. మామూలుగా వందల్లో ఉండేది రాబ్డోలో వేలు, పదివేలు దాటుతుంది. రిపోర్టులో 'క్రియాటిన్ కైనేజ్ 30,000' అని చూసి 'అబ్బాయి రక్తంలో క్రియాటిన్ దొరికింది' అని రాస్తే, కత్తిపోటుకు కారిన రక్తాన్ని చూపించి అదే పొడిచిందన్నట్టు. సీకే దెబ్బకు సాక్ష్యం. దెబ్బ కొట్టింది ఎవరో అది చెప్పదు.

క్రియాటిన్ మీద ఈ నింద పాతది. 1997లో నవంబర్ 7 నుంచి డిసెంబర్ 9 మధ్య అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు చనిపోయారు, వేర్వేరు రాష్ట్రాల్లో. అప్పుడూ వార్తల్లో మొదటి ముద్దాయి క్రియాటినే. చివరికి తేలిందేమిటి? ముగ్గురూ బరువు విభాగంలో ఇమడడానికి నీళ్లు మానేసి, ఒంటిని కప్పేసే రబ్బరు లాంటి దుస్తులు వేసుకుని, వేడి గదుల్లో వ్యాయామం చేశారు. మిషిగన్ కుర్రాడు ఉన్న గదిలో ఉష్ణోగ్రత 33 డిగ్రీల సెల్సియస్. ఒంట్లో నీళ్లు ఇంకిపోయి, వేడి బయటికి పోయే దారి లేక ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి ఏడాదే అక్కడి కాలేజీ క్రీడా సంఘం ఆ దుస్తులను, ఆవిరి గదులను నిషేధించి, బరువు తూచే పద్ధతి మార్చింది. క్రియాటిన్ మీద కోపంతో ఆగిపోయి ఉంటే ఆ మార్పు వచ్చేదా?

'మా రోజుల్లో' అనేవాళ్లకు గౌరవంగానే చెబుతాను. మీరు చేసిన మాట నిజమే కావచ్చు. కానీ మీరు వారం వారం చేస్తూ అక్కడికి చేరారు. కండరం ఒకసారి కొద్దిగా దెబ్బతిని కోలుకుంటే, అదే పనికి రెండోసారి అంతగా దెబ్బతినదు. సెలవుల తర్వాత ఆ రక్షణ తగ్గిపోతుంది. అయోవాలో అలాంటి వ్యాయామాన్ని అంతకుముందు ఏళ్లలోనూ చేయించారు. మూడు వారాల విరామం తర్వాత కొట్టిన దెబ్బ వేరు. పైగా మీ రోజుల్లో సీకే పరీక్ష చేసిందెవరు? ఒళ్లునొప్పులని, కామెర్లని పడుకోబెట్టినవాళ్లలో రాబ్డో వచ్చినవాళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు?

పుట్టుకతో వచ్చే కారణాలూ ఉంటాయి. 2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 100 గజాల పరుగులు పదహారు తీసిన 19 ఏళ్ల ఆటగాడు మర్నాడు చనిపోయాడు. అతనికి సికిల్ సెల్ లక్షణం, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి నుంచి రావడం, ఉంది. ఆ కేసు తర్వాతే అక్కడ పెద్ద కాలేజీ జట్లలో ఆ పరీక్ష తప్పనిసరి అయింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ లక్షణం మైదాన ప్రాంతాల్లో కంటే ఎక్కువ. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే ఆ ఊళ్ల పిల్లల్లో ఎందరికి ఆ పరీక్ష జరిగింది? పౌడర్ గురించి అడిగే నోళ్లు దీని గురించి ఎందుకు అడగవు?

ఇంత చెప్పాక, డబ్బాలన్నీ మంచివని నేను అంటున్నానని అనుకోవద్దు. 2003 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో శిక్షణ తీసుకుంటూ 23 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు వడదెబ్బతో చనిపోయాడు. అతని మరణంలో ఎఫెడ్రా అనే ఉత్ప్రేరకం పాత్ర ఉందని శవపరీక్ష చేసిన అధికారి చెప్పారు; 2004లో అమెరికా దాన్ని సప్లిమెంట్లలో నిషేధించింది. అక్కడ పొడి దోషి, సాక్ష్యం ఉంది, నేనూ ఒప్పుకుంటాను. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, హార్మోన్లను పాడుచేస్తాయి. కండ పెరిగినంత వేగంగా, దాన్ని ఎముకకు కట్టే స్నాయువు గట్టిపడక తెగిపోయే ప్రమాదమూ ఉంది. మన దేశంలో డోపింగ్ చిన్న సమస్య కాదు: 2023లో పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 పాజిటివ్. వాటిమీద పోరాడాల్సిందే. అందుకే ఆ ఆరోపణను సాక్ష్యంతో చేయాలంటున్నాను. ప్రతి గాయానికీ ఆ పేరే పెడితే నిజంగా వాడినవాడూ, గుంజీలతో మంచాన పడ్డవాడూ ఒకే గాటన కట్టబడతారు.

ఆ నింద ఎవరికి పనికొస్తుందో కూడా చూడాలి. పౌడర్ అంటే తప్పు పిల్లాడిది. వ్యాయామం అంటే తప్పు దాన్ని రాసిచ్చిన నాబోటివాడిది, మమ్మల్ని పెట్టుకున్న సంస్థది. ఆసుపత్రిలో ఉన్న పిల్లాడికి తన వైపు మాట్లాడే ఓపిక ఉండదు. వాడు కోలుకుని తిరిగొచ్చేసరికి ఊళ్లో 'స్టెరాయిడ్ కేసు' అని పేరు పడి ఉంటుంది.

ఇప్పుడు సెలవుల తర్వాత మొదటి వారం నేను సగం పని కూడా చేయించను. శిక్షగా గుంజీలు ఎప్పుడో మానేశాను. పిల్లలకీ తల్లిదండ్రులకీ ఒకటే చెబుతున్నాను. వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజులకు కండరం రాయిలా బిగుసుకుని వాచినా, నొప్పితో చెయ్యో కాలో కదపలేకపోయినా, మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి సీకే పరీక్ష చేయమని అడగండి. ఎన్ని చేశాడో, ఎన్ని రోజుల విరామం తర్వాత చేశాడో, ఎంత ఎండలో చేశాడో డాక్టరుకు ముందే చెప్పండి. పౌడర్ వాడుతుంటే ఆ డబ్బా కూడా తీసుకెళ్లి చూపించండి.