ఆరు గెలుపులకు ఓర్పు, పంతొమ్మిదికి ఛీత్కారం

2025 జనవరి 14, మంగళవారం. మనకు సంక్రాంతి. పొద్దున పొంగలి వండుకుని, పిల్లల చేతుల్లో అరిసెలు పెట్టి, సాయంత్రం చలిలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్న బ్లూమింగ్టన్‌కు బయలుదేరాం. ఇండియానా యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఆ రాత్రి అసెంబ్లీ హాల్‌లో ఇల్లినాయ్‌తో ఆడుతోంది. మూడు రోజుల ముందే అయోవా చేతిలో 85-60తో చిత్తయి వచ్చిన జట్టు. సొంత గడ్డ మీదైనా కోలుకుంటుందని అందరి ఆశ.

మా ముందు వరుసలో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు కూర్చున్నారు. ఒళ్లో గళ్ల నోటు పుస్తకం, చేతిలో పెన్సిల్. బంతి బుట్టలో పడినప్పుడల్లా ఆ ఆటగాడి నంబరు పక్కన ఒక గీత, ఫౌల్ అయితే చిన్న సున్నా. ఎన్నాళ్లుగా రాస్తున్నారని అడిగాను. బాబీ నైట్ కోచ్‌గా వచ్చిన ఏడాది నుంచి అన్నారు. అంటే 1971. ఆట మొదటి సగం ముగియకముందే ఇల్లినాయ్ అందనంత దూరం వెళ్లిపోయింది. గ్యాలరీల్లోంచి 'బూ' అనే కేకలు మొదలయ్యాయి. ఆ తర్వాత కోచ్ మైక్ వుడ్‌సన్‌ను తీసేయమంటూ నినాదాలు. ఆవిడ అరవలేదు. పెన్సిల్‌ను పుస్తకంలో పెట్టి మూసేశారు. మళ్లీ తెరవలేదు. చివరికి స్కోరు 94-69. వరుసగా రెండు ఆటల్లో సరిగ్గా పాతిక పాయింట్ల చొప్పున ఓటమి.

ఆ నినాదాలు విన్నవాళ్లలో చాలామంది మర్నాడు ఒకే మాట అన్నారు: ఈ అభిమానులకు ఓర్పు లేదు, గెలుపు తప్ప మరేదీ పట్టదు. ఈ మాట తప్పని నా నమ్మకం. దానికి సాక్ష్యం ఇండియానా చరిత్రలోనే ఉంది.

ముందు ఈ అభిమానం ఎలాంటిదో చెప్పాలి. మన దగ్గర అంతర్ విశ్వవిద్యాలయ పోటీలంటే ఆడే పిల్లలు, వాళ్ల హాస్టల్ స్నేహితులు, పీడీ సారు. అంతే. ఇక్కడ అసెంబ్లీ హాల్‌లో 17,222 సీట్లు. తాతలు చదివిన కాలేజీ అని మనవలు వస్తారు. ఏ కాలేజీ గడపా తొక్కని రైతులు, లారీ డ్రైవర్లు కూడా వస్తారు. పెద్ద వృత్తి క్రీడల జట్లన్నీ దూరాన ఇండియానాపొలిస్‌లో ఉంటాయి. ఊళ్లో వాళ్లకు సొంతమనిపించేది మాత్రం యూనివర్సిటీ జట్టే. హాల్ చివర పైకప్పు నుంచి ఐదు జాతీయ టైటిళ్ల బ్యానర్లు వేలాడుతుంటాయి: 1940, 1953, 1976, 1981, 1987. 1976 జట్టు 32 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ గెలిచిన జట్టు ఆ తర్వాత ఇంకొకటి రాలేదు. చివరి బ్యానర్ వేలాడదీసి ముప్పై ఎనిమిదేళ్లు దాటింది. ఆ రాత్రి విద్యార్థుల గ్యాలరీలో గొంతు చించుకున్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కూడా 1987 నాటికి బడి పిల్లలే.

ఇక సాక్ష్యం సంగతి. 2008 ఫిబ్రవరిలో కోచ్ కెల్విన్ శాంప్సన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. జట్టులోకి తీసుకోవాలనుకున్న కుర్రాళ్లకు నిబంధనలు దాటి ఫోన్లు చేశారన్నది ఆరోపణ. జట్టు చెల్లాచెదురైంది. కొత్తగా వచ్చిన టామ్ క్రీన్ చేతికి ముందు ఏడాది ఆటగాళ్లలో మిగిలింది ఇద్దరే. వాళ్లు కూడా స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాళ్లు. ఆ 2008-09 సీజన్‌లో జట్టు 6 ఆటలు గెలిచి 25 ఓడింది. తమలో తాము పోటీపడే యూనివర్సిటీల కూటమి బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో 18 ఆడితే ఒక్కటే గెలుపు. ఆ జట్టు చరిత్రలో అంతటి దుర్దశ లేదు. అయినా హాల్ ఖాళీ కాలేదు. వరుసగా ఓడుతున్న కుర్రాళ్లకు జనం నిలబడి చప్పట్లు కొట్టారు. మరో రెండేళ్లు కూడా ఓటములే ఎక్కువ. ఆ రెండేళ్లూ ఓపిక పట్టారు. 2011 డిసెంబర్ 10న దేశంలో నంబర్ వన్‌గా ఉన్న కెంటకీ మీద క్రిస్టియన్ వాట్‌ఫర్డ్ ఆఖరి క్షణంలో వేసిన మూడు పాయింట్ల షాట్‌తో ఇండియానా 73-72తో గెలిచినప్పుడు, ఆ ఓపికంతా ఒక్కసారిగా కోర్టు మీదికి పరుగెత్తింది.

2024-25లో జట్టు 19 గెలిచింది, 13 ఓడింది. లెక్కలో ఎంతో మెరుగు. అయినా అదే హాల్‌లో ఛీత్కారాలు వినిపించాయి. ఆరుకు ఓర్చుకున్నవాళ్లు పంతొమ్మిదికి ఎందుకు ఓర్చుకోలేకపోయారు? గెలుపుల లెక్క దీనికి జవాబివ్వదు. 2008లో వాళ్లకు పరిస్థితి ఏమిటో తెలుసు. ఇల్లు కాలిపోయింది, పునాది నుంచి కట్టుకోవాలి, నాలుగేళ్లు పడుతుంది అని అందరికీ కళ్లముందు కనబడుతోంది. 2024 శరదృతువులో చెప్పింది వేరు. ఖర్చుకు వెనకాడకుండా పేరున్న ఆటగాళ్లను తెచ్చాం, ఇది మన ఏడాది అన్నారు. సీజన్ మొదలుకాకముందే దేశంలో పదిహేడో ర్యాంకు ఇచ్చారు. నవంబర్‌లో బహామాస్ టోర్నీలో లూయివిల్ చేతిలో 89-61తో ఓడినప్పుడు, మరునాడే గొంజాగా కూడా ఓడించినప్పుడు, ఎక్కడ చెడిందో ఎవరూ చెప్పలేదు. ఇంకా సమయం ఉంది, సర్దుకుంటాం అన్నారు. పేదరికం మనిషికి అంత కోపం తెప్పించదు. డబ్బంతా ఏమైందో చెప్పకపోతే తెప్పిస్తుంది.

ఇక్కడ 'డబ్బు' అన్న మాట అలంకారానికి వాడలేదు. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ, గుర్తింపు మీద సంపాదించుకోవచ్చు. అది న్యాయం. వాళ్ల చెమట మీద కోచ్‌లు, టీవీ సంస్థలు దశాబ్దాలపాటు కోట్లు గడించాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా చెల్లించే వీలు వచ్చింది. 2025-26లో ఒక్కో యూనివర్సిటీ అన్ని ఆటలకూ కలిపి 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఇవ్వవచ్చు. మొదటి నాలుగేళ్లూ ఈ డబ్బు చాలావరకు అభిమానులనే అడిగారు. టికెట్టు కొన్నాక కూడా, ఆటగాళ్ల నిధికి నెలకు ఇంత ఇవ్వండని. అంతకుముందు 2021లో కోచ్ ఆర్చీ మిల్లర్‌ను పంపించేటప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకు కోటి డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. ఆ సొమ్మూ దాతలదే. కోచ్‌ను తేవడానికి, ఆటగాళ్లను నిలబెట్టడానికి, కోచ్‌ను సాగనంపడానికి అభిమాని జేబే కావాలి. ఎవరిని తేవాలి, ఎందుకు తేవాలి అన్నచోట మాత్రం ఆయనకు నోరు లేదు. ఉన్నదల్లా గ్యాలరీలో అరిచే నోరు. దాన్ని వాడాడని తప్పుపట్టేవాళ్లు, వేరే ఏ నోరు ఇచ్చారో చెప్పాలి.

అలాగని ఆ అరుపు సరైన చోట పడిందని నేననను. మైక్ వుడ్‌సన్ పరాయివాడు కాదు. ఇండియానాపొలిస్‌లో పుట్టి, 1976 నుంచి 1980 వరకు ఇదే హాల్‌లో నైట్ శిష్యుడిగా ఆడినవాడు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడి, అట్లాంటా, న్యూయార్క్ జట్లకు కోచ్‌గా పనిచేసి, అరవై దాటాక సొంత కాలేజీకి తిరిగి వచ్చాడు. వచ్చిన మొదటి రెండేళ్లూ జట్టును జాతీయ టోర్నమెంటుకు తీసుకెళ్లాడు. ఆయన మీద కోపగించుకున్న జనానికి కూడా గుండెలో ఎక్కడో నొప్పి ఉంది. ఇంటి బిడ్డ మీద అరిచినప్పుడుండే నొప్పి. కానీ ఆయనను ఎంచుకున్నదే ఆ ఇంటి బిడ్డతనం చూసి. కాలేజీ స్థాయిలో అంతకుముందు ఆయన ఎప్పుడూ కోచ్‌గా చేయలేదు. నైట్ నీడను తిరిగి తెచ్చుకోవాలన్న ఆరాటం ఆ నియామకంలో ఉంది. యాజమాన్యం తప్పు అక్కడుంది. కోపం పోవాల్సింది కూడా అటువైపే.

నైట్ 29 ఏళ్లు కోచ్‌గా ఉన్నాడు. మూడు టైటిళ్లు గెలిచాడు, 1985లో పర్డ్యూతో ఆట మధ్యలో కుర్చీ విసిరాడు, 2000లో ఆయనను తొలగించారు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు అసెంబ్లీ హాల్‌లో జట్టు ఆటకు రాలేదు. 2020 ఫిబ్రవరి 8న తన పాత శిష్యుల చేయి పట్టుకుని మళ్లీ కోర్టు మీద అడుగుపెట్టినప్పుడు హాలంతా లేచి నిలబడింది. ఆ దృశ్యం చూసి కంటతడి పెట్టనివాళ్లు ఇండియానాలో అరుదు. కానీ ఆయన వెళ్లాక పావు శతాబ్దంలో ఆరుగురు కోచ్‌లు మారారు. మైక్ డేవిస్ 2002లో ఫైనల్ దాకా తీసుకెళ్లి మేరీలాండ్ చేతిలో ఓడాడు. ఆ తర్వాత ఎవరూ చివరి పదహారు జట్ల దశ దాటలేదు. క్రీన్ రెండుసార్లు బిగ్ టెన్ టైటిల్ గెలిచినా చాలలేదు. ప్రతి కోచ్‌నూ ఆ ఐదు బ్యానర్ల పక్కన నిలబెట్టి కొలిచారు. శాంప్సన్ మాటేమిటంటే, హ్యూస్టన్‌కు వెళ్లి 2025లో జాతీయ ఫైనల్ ఆడాడు, ఫ్లోరిడా చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడాడు. ఆ రాత్రి ఇండియానా ఇళ్లలో టీవీ చూసినవాళ్ల మనసు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఎవరి పేరు వింటే ఈ ఊరికి ఒళ్లు మండుతుందో, ఆ పర్డ్యూ సంగతే చూడండి. మన తెలుగు పిల్లలు ఇంజినీరింగ్ చదవడానికి వందలమంది వెళ్లే కాలేజీ అది. ఇంచుమించు రెండు గంటల దూరం. 1980 నుంచి అక్కడ ఇద్దరే కోచ్‌లు: జీన్ కీడీ, ఆయన తర్వాత 2005 నుంచి మాట్ పెయింటర్. 2021లో పదమూడో సీడు (సీడు అంటే టోర్నీలో జట్టుకిచ్చే ర్యాంకు, అంకె పెరిగేకొద్దీ బలహీనమైన జట్టని) నార్త్ టెక్సస్, 2022లో పదిహేనో సీడు సెయింట్ పీటర్స్, 2023లో పదహారో సీడు ఫెయిర్లీ డికిన్సన్... మూడేళ్లు వరుసగా మార్చి టోర్నమెంటులో పరువు పోయింది. మరో ఊళ్లో అయితే ఆ మూడోదాంతో కోచ్ సామాను సర్దుకోవాల్సిందే. పర్డ్యూ వాళ్లు ఏడ్చారు, తిట్టుకున్నారు, పెయింటర్‌ను మాత్రం కదపలేదు. ఆయన ఏ రకం ఆటగాళ్లను ఎంచుకుంటాడో, ఎలా తీర్చిదిద్దుతాడో వాళ్లకు ఏళ్లుగా తెలుసు. 2024లో అదే కోచ్ జాతీయ ఫైనల్ ఆడాడు. కనెక్టికట్ చేతిలో ఓడాడు కానీ, ఆ ఊరివాళ్లకు తాము దేనికోసం ఎదురుచూశారో అర్థమైంది. పర్డ్యూకు ఇంతవరకు ఎన్‌సీఏఏ (జాతీయ) టైటిల్ లేదని ఇండియానా వాళ్లు గుర్తుచేస్తారు. నిజమే. 2016 నుంచి 2022 మధ్య వరుసగా తొమ్మిదిసార్లు ఆ జట్టు చేతిలోనే ఓడారన్నదీ నిజమే.

ఈ గాయం మీద మరొకటి ఏమిటంటే, ఎదురుగా ఉన్న ఫుట్‌బాల్ స్టేడియంలో వెలుగు వచ్చింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో ఇండియానాది ముందు వరుస. కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాదే, 2024లో, 11 ఆటలు గెలిచింది. 2025లో ఓహియో స్టేట్‌ను 13-10తో ఓడించి బిగ్ టెన్ టైటిల్ తెచ్చింది. ఈ ఊళ్లో గెలవడం సాధ్యం కాదనే సాకు దాంతో చెల్లదు. నాకు తోచేది ఇంకొకటి. సిగ్నెటీ నెత్తి మీద బ్యానర్లు వేలాడలేదు. ఆయనను ఎవరితోనూ పోల్చలేదు. తన పద్ధతి ఏమిటో మొదటి రోజే చెప్పాడు, జనం దాన్ని చూశారు, నమ్మారు.

2025 ఫిబ్రవరి 7న, సీజన్ ముగిశాక తప్పుకుంటానని వుడ్‌సన్ ప్రకటించాడు. నాలుగు రోజులకు అదే జట్టు, అదే ఆటగాళ్లు, ఈస్ట్ లాన్సింగ్ వెళ్లి మిషిగన్ స్టేట్‌ను 71-67తో ఓడించారు. బిగ్ టెన్ విజయాల్లో నైట్ రికార్డును మిషిగన్ స్టేట్ కోచ్ టామ్ ఇజో ఆ రోజు దాటాల్సింది, అడ్డుకున్నారు. ఫిబ్రవరి 23న సొంత హాల్‌లో పర్డ్యూను 73-58తో చిత్తు చేశారు. ఇదేదో మంత్రం కాదు. ఏం జరగబోతోందో అందరికీ తెలిసిపోయింది. కోచ్ మీద, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మీద ఉన్న బరువు దిగిపోయింది. జనం కూడా ఆట చూడటానికి వచ్చారు, తీర్పు చెప్పడానికి కాదు. జట్టు చివరికి జాతీయ టోర్నమెంటుకు ఎంపిక కాలేదు. అయినా ఆ నెల గుర్తుండిపోయింది.

మార్చిలో వెస్ట్ వర్జీనియా నుంచి డేరియన్ డెవ్రీస్‌ను కోచ్‌గా తెచ్చారు. పాత ఆటగాళ్లలో కొందరు వేరే కాలేజీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ దారి పట్టారు, మిగతావాళ్లు చదువు ముగించారు. కొత్త జట్టంతా కొత్త ముఖాలే. వాళ్లలో కోచ్ కొడుకు టక్కర్ కూడా ఉన్నాడు. ఇప్పుడు యాజమాన్యం చేయాల్సిన పని ఒకటుంది, దానికి డాలర్లు అక్కర్లేదు. ఈ జట్టును ఎన్నేళ్లలో ఎక్కడికి చేర్చాలనుకుంటున్నారో, ఏ ఏడాది ఓటమి ఊహించినదో, ఏది కాదో, దాతలకు విందుల్లో చెప్పే మాట టికెట్టు కొన్నవాళ్లకూ చెప్పాలి. 2008లో ఎవరూ చెప్పకుండానే పరిస్థితే చెప్పింది. ఈసారి నోరు తెరిచి చెప్పాలి.

ఇండియానా జెర్సీ వెనక ఆటగాడి పేరుండదు. నంబరు ఒక్కటే. మనిషి కంటే జట్టు పెద్దదన్న పాత నమ్మకం అది. ఒకప్పుడు పేరు రాయకపోయినా ఆ నంబరు ఎవరిదో హాల్‌లో ప్రతి ఒక్కరికీ తెలుసు, నాలుగేళ్లు చూసిన ముఖం కాబట్టి. శరదృతువులో కొత్త సీజన్ మొదలైనప్పుడు మళ్లీ ఆ వైపే సీట్లు దొరికాయి. పెద్దావిడ అక్కడే ఉన్నారు, కొత్త పుస్తకంతో. ఆట ఇంకా మొదలుకాలేదు. ఆటగాళ్ల జాబితా మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో నంబరు పక్కన ఒక్కో పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసుకుంటున్నారు. ఒక పేరు దగ్గర ఆగి, ఇతను ఏ కాలేజీ నుంచి వచ్చాడో మీకేమైనా తెలుసా అని వెనక్కి తిరిగి అడిగారు. నాకూ తెలియదు. ఇద్దరం కలిసి వెతికాం.