నాలుగు తగిలిస్తే గేమ్ మానేస్తారా?

టీనేజ్ పిల్లల గేమ్ పిచ్చి గురించి ఒక సందేశం గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పిల్లలు చెడిపోవడానికి ఆన్‌లైన్ గేమ్‌లే కారణమట. మొగుడూ పెళ్ళాల గొడవలు లేని ఇల్లు ఉండదు, అవి పిల్లలకు పట్టవట. నాలుగు తగిలించి ఫోన్ లాక్కుంటే వారంలో దారికొస్తారట. చాలామంది అవునని తలూపుతున్నారు. ఈ సలహా పాటిస్తే దెబ్బలు తినేది పిల్లలు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

"గేమ్‌లే కారణం." గేమ్‌ల తప్పేమీ లేదని నేను అనను. రోజూ లాగిన్ అయితే ఇచ్చే బహుమతులు, లోపల ఏముందో తెలియని లూట్ బాక్సులు, మధ్యలో లేచిపోతే జట్టు ఓడిపోయే మ్యాచ్‌లు, ఇవన్నీ పిల్లల్ని కదలనివ్వకుండా కట్టిపడేయడానికే. కానీ అవే గేమ్‌లు కోట్ల మంది ఆడుతున్నారు, ఎక్కువమంది ఆడి పక్కనపెట్టి తమ పనులు చూసుకుంటున్నారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్, అంటే గేమ్ వ్యసనం, ఉంది. గంటలు లెక్కపెట్టి ఆ ముద్ర వేయరు. అదుపు తప్పడం, అన్నింటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం మామూలుగా ఏడాదిపాటు ఉండాలి. ఇలాంటి గేమ్ వ్యసనానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఇచ్చిన లక్షణాల్లో ఇంకొకటి ఉంది: దిగులు, టెన్షన్ నుంచి తప్పించుకోవడానికి ఆడటం. ఆ టెన్షన్ ఎక్కడిది? సందేశంలో ఆ ప్రశ్నే లేదు.

"పెద్దల గొడవలు పిల్లలకు పట్టవు." నాకు బాగా కోపం తెప్పించిన మాట ఇదే. తల్లిని కొట్టే ఇంట్లో, రాత్రిపూట గేమ్ ఆడుతున్న పిల్లాడిని దగ్గర్నుంచి చూడండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉంటుంది. రెండో చెవి తలుపు దగ్గర ఉంటుంది. అమ్మ గొంతు మారిందా, ఏదైనా పగిలిందా, నాన్న అడుగులు ఇటే వస్తున్నాయా అని వింటూనే వేళ్ళు ఆడిస్తుంటాడు. అరుపులు పెరిగితే రెండో చెవి కూడా మూసి వాల్యూమ్ పెంచుతాడు. ఇల్లు సద్దుమణిగాక కూడా నిద్ర రాదు, ఇంకో మ్యాచ్ మొదలుపెడతాడు. పొద్దున లేవలేకపోతే "రాత్రంతా గేమే" అని తిట్లు. రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ ఎత్తరు. గేమ్‌లో రూల్స్ ముందే తెలుసు, బాగా ఆడితే గెలుస్తాడు, వాడి కోసం ఎదురుచూసే జట్టు ఉంటుంది. ఇంట్లో ఏ మాటకు ఎప్పుడు చెయ్యి లేస్తుందో ఊహించలేడు.

1998లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, తల్లిని కొట్టడం చూడటాన్ని కూడా పిల్లలకు జరిగిన హాని కిందే లెక్కేసింది. అలాంటి చేదు అనుభవాలు నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్ళకు, ఒక్కటీ లేనివాళ్ళకన్నా, పెద్దయ్యాక తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. అందులో గేమ్‌ల ఊసు లేదు. కానీ ఆ తర్వాత టీనేజర్లపై జరిగిన సర్వేల్లో ఇంటి హింసకూ గేమ్ వ్యసనానికీ ముడి కనిపిస్తూనే ఉంది, నడుమ డిప్రెషన్, ఆందోళన ఉంటున్నాయి. హింస ఉన్న ప్రతి ఇంట్లో వ్యసనం పుడుతుందని గానీ, గేమ్‌కు అలవాటుపడ్డ ప్రతి పిల్లాడి ఇంట్లో కొట్టుకుంటున్నారని గానీ దీనికి అర్థం కాదు. గేమ్ గురించి అడిగే ముందు ఇంటి గురించి అడగాలని మాత్రం అర్థం.

"నాలుగు తగిలిస్తే దారికొస్తారు." పిల్లల్ని కొట్టడంపై జరిగిన అధ్యయనాలను 2016లో కలిపి చూశారు. మొత్తం 1.6 లక్షల మంది పిల్లల వివరాలవి. దెబ్బలతో ప్రవర్తన బాగుపడిన ఆధారం దొరకలేదు. మొండితనం, దుడుకుతనం, మానసిక సమస్యలు మాత్రం దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువ కనిపించాయి. ఫోన్ లాక్కుంటే పిల్లాడు తిరగబడ్డాడనీ, అది గేమ్ నేర్పిన హింసేననీ కూడా ఆ సందేశంలో ఉంది. చెయ్యెత్తితే ఎదుటివాళ్ళు లొంగుతారని వాడు ఏళ్ళ తరబడి చూసింది ఇంట్లోనే కదా.

ఇక "ఫోన్ లాక్కోండి." దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్ళలోపు వాళ్ళకు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ గేమ్‌లు బంద్ చేసింది. ఆ చట్టం ఫోన్ గేమ్‌లకు వర్తించలేదు, ఆటేమో ఫోన్లలోకి మారిపోయింది. ఆ చట్టాన్ని ఎత్తేయాలని 2021లో ప్రభుత్వమే నిర్ణయించింది. ప్రశాంతంగా ఉన్న ఇంట్లో, పిల్లలతో మాట్లాడుకుని ఆటకు టైమ్ పెట్టుకుంటే మంచిదే. కొట్టే చేతులే ఫోన్ లాక్కునే ఇంట్లో సంగతి వేరు. అక్కడ పిల్లలకు మనసు విప్పి మాట్లాడే స్నేహితులు ఆ జట్టులోనే ఉండొచ్చు. ఏ రాత్రైనా పరిస్థితి చెయ్యిదాటితే పిన్నికో, టీచర్‌కో, హెల్ప్‌లైన్‌కో కాల్ చేయాల్సింది కూడా ఆ ఫోన్ నుంచే.