ఎవరూ వాడకపోతే లైన్ దానంతటదే కట్ అవుతుందా? అవ్వదు

మళ్ళీ అదే మెసేజ్. "డయల్-అప్ రౌటర్ ఎలా పనిచేస్తుందో 5 పాయింట్లలో" అని పైన, "అందరికీ పంపండి" అని కింద. డయల్-అప్ రౌటర్ అంటే, అవసరమైనప్పుడు మోడెమ్‌తో ఫోన్ కాల్ చేసి లోపలి కంప్యూటర్లన్నిటినీ నెట్‌కి కలిపే డబ్బా. నెట్‌వర్కింగ్‌లో ఉన్నవాళ్ళే దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఒళ్ళు మండుతోంది. ఇంకా మోడెమ్ లైన్ బ్యాకప్‌గా ఉన్న చోట్లు ఉన్నాయి, అక్కడ కాల్ నడిచినంతసేపూ డబ్బు పోతుంది, ఈ మెసేజ్ నమ్మితే ఆ డబ్బు ఎక్కడ పోయిందో కూడా తెలీదు.

ఒకటో పాయింట్, "ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో కాల్ చేస్తుంది" అట. చెయ్యదు. మోడెమ్ ఒకటి, కాల్ ఒకటి, లోపల ఎన్ని మెషిన్లున్నా నాట్ (రౌటర్‌లో అడ్రసులు మార్చే పద్ధతి) అందరినీ ఆ ఒక్క అడ్రస్ మీదే బయటికి పంపుతుంది.

రెండోది, "ఏ సైట్ అడిగితే ఆ సైట్ నంబర్‌కి డయల్ చేస్తుంది". రాసినవాళ్ళు రౌటింగ్ టేబుల్ (ఏ ప్యాకెట్, అంటే ఏ డేటా ముక్క, ఎటు పోవాలో చెప్పే జాబితా) ఒక్కసారైనా తెరిచి చూశారా? డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాసి లేని ప్యాకెట్లన్నిటి దారి) డయలర్ ఇంటర్‌ఫేస్ వైపు, అంటే మోడెమ్‌తో కాల్ చేసే వైపు ఉంటుంది, బయటికెళ్ళే ప్యాకెట్ ఏదైనా అటే పోతుంది, డయల్ అయ్యేది ఐఎస్పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) నంబర్‌కే. నేరుగా రెండు మూడు బ్రాంచీలకి డయల్ చేసే సెటప్‌లో మాత్రం ఏ నెక్స్ట్ హాప్‌కి (అవతలి రౌటర్‌కి) ఏ నంబరో డయలర్ మ్యాప్‌లో మనమే రాస్తాం. రౌటర్ సొంతంగా నంబర్లు వెతుక్కోదు.

నాలుగోది, "మొదటిసారి పేజీ రాకపోతే మోడెమ్ పాడైనట్టే". పాడవ్వలేదు! లైన్ లేకపోయినా రౌటర్ ఆ ఇంటర్‌ఫేస్‌ని అప్‌లో ఉన్నట్టే చూపిస్తుంది, అలా చూపించకపోతే రూట్ టేబుల్లోంచి పోతుంది కదా. ప్యాకెట్ వచ్చాకే మోడెమ్ నంబర్ కొడుతుంది, రెండు మోడెమ్‌లూ కూతలు పెట్టుకుని స్పీడ్ ఒప్పుకోవాలి, తర్వాత పీపీపీలో (ఫోన్ లైన్ మీద రెండు వైపులా మాట్లాడుకునే పద్ధతి) ఎల్‌సీపీ (లింక్ షరతులు ఒప్పుకోవడం), పాస్‌వర్డ్, ఐపీసీపీ (ఐపీ అడ్రస్ ఒప్పుకోవడం) దాటి అడ్రస్ రావాలి, ఇదంతా సెకన్ల లెక్కలో పని. ఈలోపు మెషిన్‌లో పాత టీసీపీ స్టాక్ (కనెక్షన్లు నడిపే సాఫ్ట్‌వేర్) అయితే సిన్ ప్యాకెట్‌ని (కనెక్షన్ మొదలుపెడదామని అడిగేది) 0, 3, 9, 21 సెకన్ల దగ్గర మళ్ళీ మళ్ళీ పంపుతుంది, మొదటివి పోతాయి, లైన్ లేచాక వచ్చినది దాటుతుంది. రీలోడ్ కొడితే చాలు, మోడెమ్ పారేయకండి.

ఐదోది, "లైన్ తెగి మళ్ళీ వస్తే డౌన్‌లోడ్ ఆగినచోటి నుంచి అదే నడుస్తుంది". కొత్త కాల్‌కి మామూలుగా కొత్త ఐపీ వస్తుంది, పాత కనెక్షన్ పాత ఐపీతో కట్టింది, అది చచ్చినట్టే.

ఇప్పుడు మూడోది, అసలు ముంచేది ఇదే. "ఐడిల్ టైమౌట్ పెట్టి వదిలేయండి, ఎవరూ వాడకపోతే లైన్ దానంతటదే కట్, బిల్లు దిగులే లేదు." రౌటర్‌కి కుర్చీలో మనిషి ఉన్నాడో లేడో తెలీదండీ, దానికి తెలిసింది ప్యాకెట్ ఒక్కటే. ఐడిల్ టైమౌట్ అంటే, లెక్కలోకి వచ్చే ప్యాకెట్ ఇన్ని సెకన్లు లేకపోతే లైన్ తెంచే టైమర్, అలాంటి ప్యాకెట్ పోయినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది. సిస్కో రౌటర్లలో అది డిఫాల్ట్‌గా 120 సెకన్లు. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే రిప్ అప్‌డేట్ 30 సెకన్లకోసారి వెళ్తుంది, అదే పనికి వాడే ఓఎస్పీఎఫ్ హలో 10 సెకన్లకి, టైమ్ సర్వర్‌ని 64 సెకన్లకోసారి అడిగే మెషిన్లు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి లెక్కలోకి వచ్చినా టైమర్ 120 చేరేదెప్పుడు? అందరూ తాళం వేసుకుని వెళ్ళిపోయినా కాల్ తెల్లవార్లూ నడుస్తుంది.

సరే టైమౌట్ తగ్గిద్దాం అంటారు కొందరు, అదింకో గొయ్యి. మెయిల్ క్లయింట్ 5 నిమిషాలకోసారి చెక్ చేసేలా ఉండి టైమౌట్ అంతకంటే తక్కువైతే గంటకి 12 కాల్స్, రోజుకి 288. కాల్ మొదలైనప్పుడల్లా కనీస ఛార్జీ పడే లైన్ మీద ఇది ఎంతవుతుందో మీరే వేసుకోండి. ఇంకా ఘోరం, మనకి వచ్చిన ఐపీ ఇంతకుముందు వేరేవాళ్ళది అయ్యుండొచ్చు, వాళ్ళ ఫైల్ షేరింగ్ తాలూకు ప్యాకెట్లు బయటినుంచి మన మీద పడుతుంటాయి, పీపీపీడీలో (లినక్స్‌లో పీపీపీ నడిపే ప్రోగ్రామ్) ఉత్త ఐడిల్ ఆప్షన్ మాత్రమే పెడితే అది వచ్చేవీ పోయేవీ రెండూ లెక్కేస్తుంది, అంటే మీ లైన్‌ని ముక్కూ మొహం తెలీనివాళ్ళు లేపి ఉంచుతున్నారన్నమాట.

చెయ్యాల్సింది ఏంటంటే, ఏ ట్రాఫిక్ కాల్‌కి తగినదో చెప్పడం. సిస్కోలో డయలర్-లిస్ట్, పీపీపీడీలో యాక్టివ్-ఫిల్టర్. రౌటింగ్ అప్‌డేట్లు, టైమ్ అడిగే 123 పోర్టు, విండోస్ మెషిన్లు పేర్లు అడగడానికి, తమ ఉనికి చాటుకోవడానికి వాడే 137, 138 డినై చేయండి, బయటికెళ్ళేవి మాత్రమే లెక్కపెట్టించండి. డినై చేస్తే ఆగిపోతాయని భయపడకండి, లైన్ వేరే పని మీద లేచి ఉంటే అవి కూడా బయటికి వెళ్తాయి, కాకపోతే అవి కాల్ లేపవు, టైమర్‌ని వెనక్కి తిప్పవు. పీపీపీడీలో యాక్టివ్-ఫిల్టర్ పక్కనే పాస్-ఫిల్టర్ ఉంటుంది, అది నిజంగానే ప్యాకెట్‌ని ఆపేస్తుంది, ఒకటనుకుని ఇంకోటి పెట్టకండి.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటా. ఆ మెసేజ్ చివర్లో "రాత్రిపూట మోడెమ్ స్విచ్ ఆపేయండి" అని ఉంది. బ్యాకప్ లైన్‌కి పనికిరాదు గానీ, ఫిల్టర్ పెట్టే సౌకర్యమే లేని చిన్న డబ్బా అయితే అంతకంటే నమ్మకమైన మార్గం నాకూ కనిపించట్లేదు.

మిగతావాళ్ళు, లైన్ ఊరికే లేస్తోందనిపిస్తే, లేచి ఉన్నప్పుడే సిస్కోలో షో డయలర్ అనే కమాండ్ కొట్టండి, డయల్ రీజన్ అని ఒక లైన్ వస్తుంది, ఏ లోపలి ఐపీ నుంచి ఏ బయటి ఐపీకి పోబోయిన ప్యాకెట్ వల్ల కాల్ వెళ్ళిందో అందులోనే ఉంటుంది. ముందు ఆ మెషిన్ దగ్గరికి వెళ్ళండి.